తండ్రి తుపాకీ తనయుడికి దక్కేదెలా?

* లైసెన్సుదారు మరణిస్తే ఆయుధాన్ని ఠాణాలో అప్పగించాల్సిందే
* అమ్మదలిస్తే 45 రోజుల ముందే సమాచారం ఇవ్వాలి
* రైఫిల్ క్లబ్ సభ్యత్వం ఉన్నా నిబంధనలు తప్పవు

ఇంటి పెద్ద కన్నుమూసిన తరువాత, కర్మకాండలు ముగియగానే కుటుంబ సభ్యులు ఒక్కొక్క పనీ చక్కబెట్టుకుంటారు. మరణ ధ్రువపత్రం తెచ్చుకుంటారు. పొలం పట్టా మార్పిడి కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళతారు. బ్యాంకు ఖాతా, బీమా సొమ్ము, విద్యుత్తు మీటరుపై పేరు మార్పు వంటివన్నీ వరుసగా పూర్తి చేస్తారు. బీరువా వెనుక గుడ్డసంచిలో ఉన్న తుపాకీ సంగతి మాత్రం కొన్ని ఇళ్లలో ఎవరికీ గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చినా, 'నాన్నగారికి లైసెన్సు ఉంది కదా, మనకేం భయం' అనుకుని ఊరుకుంటారు.

నిజానికి ఆ లైసెన్సు నాన్నగారితోనే ముగిసిపోయింది. ఆయన మరణించిన క్షణం నుంచి ఆ ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని ఆయుధమే. అనుమతి లేకుండా తుపాకీ కలిగి ఉన్నవారికి కనీసం 2 సంవత్సరాలు, గరిష్ఠంగా 5 సంవత్సరాల జైలుశిక్షతోపాటు జరిమానా విధించవచ్చునని చట్టం చెబుతోంది. ఎవరికీ హాని తలపెట్టని కుటుంబం కేవలం తెలియనితనం వల్ల కేసులో చిక్కుకునే ప్రమాదం ఇక్కడే ఉంది. అందుకే తుపాకీ ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఎలా మారాలో, రైఫిల్ క్లబ్‌లో చేరితే ఏ హక్కులు వస్తాయో, ఏవి రావో ప్రతి లైసెన్సుదారు కుటుంబమూ తెలుసుకుని ఉండడం మేలు.

లైసెన్సు మనిషికే

దేశంలో ఆయుధాల వ్యవహారాలన్నీ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం సాగుతాయి. బ్రిటిష్ పాలకులు 1878లో తెచ్చిన చట్టం స్థానంలో ఇది వచ్చింది. 1962లో రూపొందిన నియమావళిని పక్కనపెట్టి కేంద్ర ప్రభుత్వం 2016 జులైలో కొత్త నియమావళిని ప్రకటించింది. ఆ తరువాత 2019 డిసెంబరులో చట్టానికే కీలకమైన సవరణలు జరిగాయి. పాత లైసెన్సుదారులలో పలువురికి ఈ మార్పులు పూర్తిగా తెలియవు.

చట్టంలోని 3వ సెక్షన్ ప్రకారం తుపాకీని గాని, తూటాలను గాని సంపాదించాలన్నా, దగ్గర ఉంచుకోవాలన్నా లైసెన్సు తప్పనిసరి. జిల్లాలో కలెక్టరు, పోలీసు కమిషనరేట్లు ఉన్నచోట కమిషనరు దీనిని మంజూరు చేస్తారు. లైసెన్సులో ఆ వ్యక్తి పేరు, చిరునామాతోపాటు ఆయుధం రకం, దానిపై చెక్కిన సంఖ్య, ఏ ప్రాంతం వరకు చెల్లుతుందన్న వివరాలు నమోదు చేస్తారు. ప్రతి లైసెన్సుదారుకూ జాతీయ సమాచార నిధిలో ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య లేని లైసెన్సు చెల్లదు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. తుపాకీకి విలువ ఉంది, దానిని అమ్మితే డబ్బు వస్తుంది, కాబట్టి అది ఆస్తే. ఆ విలువ వారసులకు చెందుతుంది. లైసెన్సు మాత్రం ఆస్తి కాదు. ఫలానా వ్యక్తిని నమ్మి, ఆయన అవసరాన్ని, నడవడికను విచారించి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి అది. వీలునామాలో రాసినా, పంపకాల కాగితంలో చేర్చినా, పెద్దమనుషుల సమక్షంలో ఒప్పుకున్నా ఆ అనుమతి మరొకరికి సంక్రమించదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలిన నిబంధనలన్నీ సులభంగా బోధపడతాయి.

మరణం తరువాత మొదటి పని

లైసెన్సుదారు మరణించినా, లైసెన్సు గడువు తీరినా, దానిని అధికారులు రద్దు చేసినా ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా అప్పగించాలని చట్టంలోని 21వ సెక్షన్ నిర్దేశిస్తోంది. సమీప పోలీస్ స్టేషన్‌లో స్టేషన్ అధికారికి అప్పగించవచ్చు. లేదా ఆయుధాలు భద్రపరిచేందుకు అనుమతి ఉన్న లైసెన్సుడ్ డీలరు వద్ద నిల్వ చేయవచ్చు. సైనిక దళాల్లో పనిచేసేవారికి తమ యూనిట్ ఆయుధాగారంలో ఉంచే వెసులుబాటు ఉంది.

తుపాకీ అప్పగించేటప్పుడు మిగిలిన తూటాలను కూడా లెక్కపెట్టి ఇవ్వాలి. తూటాలకు సైతం లైసెన్సు కావలసిందేనన్న సంగతి మరవరాదు. ఆయుధం సంఖ్య, రకం, తూటాల లెక్క, తేదీ స్పష్టంగా ఉన్న రసీదు తీసుకుని మరణ ధ్రువపత్రం, లైసెన్సు పుస్తకం నకళ్లతో కలిపి భద్రపరుచుకోవాలి. రేపు వారసుడు దరఖాస్తు చేసుకున్నా, ఆయుధాన్ని అమ్మదలచినా ఆ రసీదే ఆధారం.

ఠాణాలో ఇచ్చేస్తే తుపాకీ ఇక పోయినట్లేనని భయపడేవారున్నారు. అది అపోహ. అప్పగించిన వ్యక్తికి గాని, ఆయన మరణించి ఉంటే చట్టబద్ధ ప్రతినిధికి గాని రెండు హక్కులుంటాయి. లైసెన్సు పొంది ఆయుధాన్ని తిరిగి తీసుకోవడం మొదటిది. అర్హత ఉన్న మరొకరికి అమ్మించి ఆ సొమ్ము తీసుకోవడం రెండోది. అయితే నిర్ణీత గడువులోగా ఈ రెండింటిలో ఏదో ఒకటి చేయాలి. ఏళ్ల తరబడి పట్టించుకోకుండా వదిలేస్తే ఆయుధం ప్రభుత్వపరం కావచ్చు.

వారసుడికి లైసెన్సు ఎలా?

2016 నియమావళిలో వారసుల కోసం ప్రత్యేక నిబంధన ఉంది. లైసెన్సుదారు మరణానంతరం ఆయన వారసుడు అదే ఆయుధంపై లైసెన్సు కోరవచ్చు. బతికి ఉండగానే అప్పగించదలచినవారికీ దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, లేదా ఆయుధం ఆయన వద్ద 25 సంవత్సరాలుగా ఉన్నా, వీటిలో ఏది ముందు జరిగితే అప్పుడు తాను సూచించిన వారసుడికి లైసెన్సు ఇవ్వవలసిందిగా అభ్యర్థించవచ్చు. వృద్ధాప్యంలో తుపాకీని కనిపెట్టుకుని ఉండలేనివారు ఈ అవకాశాన్ని వినియోగించుకుంటే వారి అనంతరం కుటుంబానికి చిక్కులు తప్పుతాయి.

వారసుడంటే పెద్ద కుమారుడే కానక్కరలేదు. భార్య, కుమార్తె కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక ఆయుధానికి ఒకరే ముందుకు రావాలి. మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాతపూర్వకంగా తెలియజేయాలి. దరఖాస్తుదారు ఆయుధం, పాత లైసెన్సు వివరాలతో పూచీపత్రం సమర్పించాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత లైసెన్సు, ఠాణా రసీదు, గుర్తింపు, చిరునామా పత్రాలు ముందుగానే సిద్ధం చేసుకుంటే తిరుగుళ్లు తగ్గుతాయి.

వారసత్వ దరఖాస్తు అయినంత మాత్రాన విచారణ తప్పదు. వయసు 21 సంవత్సరాలు నిండి ఉండాలి. మతిస్థిమితం లేనివారు, శాంతిభద్రతల కోసం బాండు రాసి ఇచ్చి ఆ గడువులో ఉన్నవారు అనర్హులు. హింసాత్మక నేరాల్లో గాని, నైతిక పతనానికి సంబంధించిన నేరాల్లో గాని జైలుశిక్ష పడినవారు శిక్ష ముగిశాక 5 సంవత్సరాల వరకు అనర్హులే. స్థానిక పోలీసులు దరఖాస్తుదారు నడవడికపై నివేదిక పంపుతారు. ఆయుధాన్ని సురక్షితంగా వాడడం, శుభ్రపరచడం, భద్రపరచడం, తీసుకువెళ్లడంపై నిర్దేశిత శిక్షణ పొంది ధ్రువపత్రం చూపాలి. 2016 నియమావళితోనే ఈ శిక్షణ తప్పనిసరి అయింది. తండ్రి వెంట చిన్నప్పటి నుంచి తుపాకీ పట్టినవాడినని చెబితే సరిపోదు.

లైసెన్సు నిరాకరించినప్పుడు అందుకు కారణాలను అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజాశాంతి దృష్ట్యా తెలపకూడదని భావించిన సందర్భంలో తప్ప, కోరినవారికి వాటిని తెలియజేయాలి. నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు కూడా చట్టం కల్పించింది.

మూడో తుపాకీకి చోటు లేదు

1983 వరకు ఒక వ్యక్తి ఎన్ని ఆయుధాలు కలిగి ఉండవచ్చన్న పరిమితి లేదు. ఆ ఏడాది సవరణతో మూడుకు పరిమితం చేశారు. 2019 సవరణతో ఆ సంఖ్య రెండుకు తగ్గింది. అప్పటికే మూడు ఉన్నవారు ఏడాదిలోగా ఒకదానిని ఠాణాలో గాని, డీలరు వద్ద గాని అప్పగించవలసి వచ్చింది. వారసత్వంగా వచ్చే ఆయుధానికీ ఇదే పరిమితి వర్తిస్తుందని సవరణలో స్పష్టంగా పేర్కొన్నారు. ఇప్పటికే రెండు తుపాకులున్న కుమారుడు తండ్రి తుపాకీని కూడా తీసుకోవాలంటే తన వాటిలో ఒకదానిని వదులుకోవలసిందే. లేదా ఇంట్లో అర్హత ఉన్న మరొకరు దరఖాస్తు చేసుకోవాలి.

అదే సవరణతో లైసెన్సు కాలపరిమితి 3 సంవత్సరాల నుంచి 5 సంవత్సరాలకు పెరిగింది. ఇది ఊరటే అయినా అయిదేళ్ల తరువాత వచ్చే తేదీని మరచిపోయే ప్రమాదమూ ఉంది. గడువు తీరకముందే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవాలి.

సంస్థానాల కాలం నాటి పాత ఆయుధాలు ఉన్న కుటుంబాలకు మరో సందేహం ఉంటుంది. పురావస్తువుల వంటి అపురూప ఆయుధాలను కేవలం దాచుకోవడానికి లైసెన్సు అక్కరలేదని 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోం శాఖ ప్రకటించింది. వాటిని వాడాలన్నా, వెంట తీసుకువెళ్లాలన్నా మాత్రం లైసెన్సు కావాలి. అయితే తాతగారి తుపాకీ ఆ కోవలోకి వస్తుందా లేదా అన్నది ఇంటివారు తేల్చుకునే విషయం కాదు. కలెక్టరేట్‌లో విచారించి రాతపూర్వకంగా తెలుసుకోవడమే క్షేమం.

అమ్మదలిస్తే..

వారసులలో ఎవరికీ తుపాకీ అవసరం లేకపోవచ్చు. పిల్లలంతా నగరాల్లోనో, విదేశాల్లోనో స్థిరపడి ఉండవచ్చు. అప్పుడు అమ్మడమే సులువైన మార్గం. లైసెన్సుడ్ డీలరుకు గాని, అటువంటి ఆయుధం కొనేందుకు అనుమతి ఉన్న మరో లైసెన్సుదారుకు గాని అమ్మవచ్చు.

చట్టబద్ధంగా తుపాకీ కలిగి ఉన్న వ్యక్తి సొంత వినియోగంలోని ఆయుధాన్ని నేరుగా మరొకరికి అమ్మేటప్పుడు రెండు షరతులు పాటించాలి. కొనుగోలుదారు పేరు, చిరునామాతో సహా తన ఉద్దేశాన్ని జిల్లా మెజిస్ట్రేటుకు గాని, సమీప పోలీస్ స్టేషన్ అధికారికి గాని రాతపూర్వకంగా తెలియజేయాలి. అలా తెలిపిన తరువాత కనీసం 45 రోజులు గడవాలి. ఆ వ్యవధిలో కొనుగోలుదారు అర్హతను అధికారులు పరిశీలించగలుగుతారు. బదిలీ పూర్తయ్యాక అమ్మినవారి లైసెన్సు నుంచి ఆయుధాన్ని తొలగించి, కొన్నవారి లైసెన్సులో నమోదు చేయించాలి. ఈ నమోదు జరిగేదాకా వ్యవహారం ముగియనట్లే. రేపు ఆ తుపాకీతో ఏ అఘాయిత్యం జరిగినా పోలీసులు ముందుగా తలుపు తట్టేది పుస్తకంలో పేరున్నవారి ఇంటినే.

డీలరు ద్వారా జరిపితే ఈ పనిలో సగం భారం తగ్గుతుంది. డీలరు తన రిజిస్టర్లలో ప్రతి ఆయుధం రాకపోకలను నమోదు చేయాలి. కొనేవారి లైసెన్సును పరిశీలించాలి. ఆయుధం అమ్ముడయ్యేదాకా తన వద్ద భద్రపరచి అందుకు రుసుం తీసుకుంటారు. ధర కొంత తగ్గినా కాగితాలు సక్రమంగా ఉంటాయి. వంద రూపాయల స్టాంపు కాగితంపై ఒప్పందం రాసుకుని తుపాకీ చేతులు మార్చడం మాత్రం ఇద్దరికీ నేరమే. స్నేహితుడికి నాలుగు రోజులు వాడుకోమని ఇవ్వడం, పొలం కాపలాదారు చేతిలో పెట్టడం వంటివి కూడా ఇదే కోవలోకి వస్తాయి.

నివాసం మారేవారికీ నిబంధనలున్నాయి. 30 రోజులకు మించి మరోచోటికి మకాం మార్చి ఆయుధాన్ని వెంట తీసుకువెళితే, కొత్త ప్రాంతంలోని లైసెన్సు అధికారికి 30 రోజులలోగా తెలియజేయాలి. రాష్ట్రం దాటితే లైసెన్సు అక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి.

రైఫిల్ క్లబ్‌లో చేరితే..

తుపాకీపై మక్కువ ఉన్నవారికి క్లబ్బులు మరో దారి. దేశంలో ఈ క్రీడను పర్యవేక్షించే జాతీయ రైఫిల్ సంఘం 1951లో ఏర్పడింది. లోక్‌సభ తొలి స్పీకరు జి.వి.మావలంకర్ దాని స్థాపకులు. ఆయన పేరిట జరిగే పోటీలు నేటికీ జాతీయ స్థాయికి మెట్టుగా ఉన్నాయి. ఆ సంఘానికి అనుబంధంగా రాష్ట్ర సంఘాలు, వాటి కింద క్లబ్బులు పనిచేస్తాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ హైదరాబాద్‌లోనే పెరిగారు. 13 ఏళ్ల వయసులో 2018లో జాతీయ ఛాంపియన్ అయిన హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణంతోసహా 4 పతకాలు సాధించారు. ఈ విజయాల తరువాత తెలుగు తల్లిదండ్రుల్లో షూటింగ్‌పై ఆసక్తి పెరగడం సహజమే.

క్లబ్ సభ్యత్వం వల్ల వచ్చే మొదటి ప్రయోజనం సాధన. సొంత తుపాకీ లేని సభ్యుడు కూడా క్లబ్బుకున్న అనుమతి కింద, శిక్షకుల పర్యవేక్షణలో, రేంజ్ లోపల క్లబ్ ఆయుధాలతో గురి అభ్యసించవచ్చు. 21 ఏళ్లు నిండనివారు లైసెన్సుకు అనర్హులైనా, 12 ఏళ్లు దాటితే నిర్దేశిత షరతుల మేరకు శిక్షణలో పాల్గొనవచ్చు. సాధన ముగిశాక ఆయుధం, తూటాలు క్లబ్ ఆయుధాగారానికే చేరాలి. ఒక్క తూటా అయినా జేబులో వేసుకుని ఇంటికి రావడం నేరం.

రెండో ప్రయోజనం లైసెన్సు విషయంలో. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేదా గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్ సభ్యుడు లక్ష్యసాధన కోసం ఆయుధం కోరితే, అనర్హతలేవీ లేనప్పుడు లైసెన్సు మంజూరు చేయాలని చట్టంలోని 13వ సెక్షన్ చెబుతోంది. 2019కి ముందు ఈ సౌలభ్యం 0.22 రైఫిలు, ఎయిర్ రైఫిలుకే పరిమితమై ఉండేది. సవరణతో లక్ష్యసాధనకు వాడే ఇతర తుపాకులకూ విస్తరించింది. గుర్తింపు పొందిన క్రీడాకారులకు ఆయుధాల సంఖ్యలో కూడా మినహాయింపులున్నాయి. వారి విజయాలు, పాల్గొనే విభాగాలను బట్టి 12 వరకు ఉంచుకునేందుకు 2020 ఫిబ్రవరి ప్రకటన వీలు కల్పించింది. సాధన కోసం ఏటా కొనదగిన 0.22 తూటాల పరిమితి కూడా అప్పుడే 1,000 నుంచి 5,000కు పెరిగింది.

సభ్యత్వ కార్డు చేతికి రాగానే ఇవన్నీ సమకూరవు. కార్డు లైసెన్సుకు ప్రత్యామ్నాయం కాదు. పోలీసు విచారణ, శిక్షణ, వయసు, నేరచరిత్ర పరిశీలన క్లబ్ సభ్యుడికీ తప్పవు. క్రీడ కోసం పొందిన ఆయుధాన్ని ఆత్మరక్షణ పేరిట నడుముకు తగిలించుకుని తిరగడం లైసెన్సు షరతుల ఉల్లంఘనే. పోటీల్లో పాల్గొనని వ్యక్తి కేవలం లైసెన్సు కోసం రుసుం కట్టి పేరు నమోదు చేయించుకుంటే, పునరుద్ధరణ సమయంలో ప్రశ్నలు ఎదురుకావచ్చు.

'ఇంత చెల్లిస్తే సభ్యత్వంతోపాటు లైసెన్సూ ఇప్పిస్తాం' అని ఎవరైనా చెబితే నమ్మరాదు. లైసెన్సు ఇచ్చే అధికారం ఏ క్లబ్బుకూ లేదు. చేరే ముందు క్లబ్బుకు రాష్ట్ర రైఫిల్ సంఘం అనుబంధం ఉందా, రేంజ్‌కు, ఆయుధాలకు చెల్లుబాటయ్యే అనుమతులున్నాయా, అర్హత ఉన్న శిక్షకులు ఉన్నారా అన్నవి స్వయంగా పరిశీలించాలి. ప్రవేశ రుసుం, వార్షిక రుసుం, తూటాల ఖర్చు, రేంజ్ వినియోగ రుసుం వేర్వేరుగా అడిగి తెలుసుకుని రసీదులు తీసుకోవాలి.

పిల్లలను ఈ క్రీడలో చేర్పించదలచినవారికి ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్‌తో ఆరంభించడం ఉత్తమం. 0.177 అంగుళాల గొట్టంతో, 20 జౌళ్లకు మించని శక్తితో పనిచేసే ఎయిర్ గన్‌లకు లైసెన్సు అవసరం లేదు. కొనేటప్పుడు గుర్తింపు పత్రం చూపాలి. లైసెన్సు లేదు కదా అని వాటిని ఆటవస్తువులుగా భావించరాదు. సమీపం నుంచి పేలిస్తే కన్ను పోతుంది.

పంటలు, పెళ్లిళ్లు, ఎన్నికలు

అడవి అంచు గ్రామాల్లో పంట రక్షణ కోసం మందు కూరి పేల్చే తుపాకులకు లైసెన్సులు ఇచ్చే వీలు చట్టంలో ఉంది. అది పంటను కాపాడుకోవడానికే గాని వేటకు అనుమతి కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంట రక్షణ లైసెన్సు చూపి ఆ చట్టం నుంచి తప్పించుకోలేరు. నాటు తుపాకులకు అసలు లైసెన్సే ఉండదు కనుక వాటి విషయంలో వారసత్వం అన్న ప్రశ్నే రాదు.

పెళ్లి ఊరేగింపుల్లో, జాతరల్లో, విజయోత్సవాల్లో గాలిలోకి కాల్పులు జరపడం 2019 సవరణతో ప్రత్యేక నేరమైంది. ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగేలా కాల్చినవారికి 2 సంవత్సరాల వరకు జైలు, లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు ఉండడం ఇందుకు రక్షణ కాదు. పైపెచ్చు ఆ లైసెన్సునే కోల్పోవలసి రావచ్చు.

ఎన్నికల ప్రకటన వెలువడగానే జిల్లాలో లైసెన్సు ఆయుధాలపై సమీక్ష జరుగుతుంది. జిల్లా స్థాయి కమిటీ సూచించినవారు తమ తుపాకులను ఠాణాలో డిపాజిట్ చేయాలి. ఎన్నికల ప్రక్రియ ముగిశాక తిరిగి ఇస్తారు. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోవడం, తెచ్చుకునేటప్పుడు సంఖ్య సరిచూసుకోవడం మరవరాదు.

అమెరికాలోని మనవారికి..

జిల్లాలో తల్లిదండ్రులు, అమెరికాలో పిల్లలు ఉన్న కుటుంబాలు ఇప్పుడు అనేకం. అక్కడ తుపాకులు ఎవరైనా ఇట్టే కొనేయవచ్చన్న భావన మనవారిలో బలంగా ఉంది. అక్కడ కూడా బదిలీకి ఒక పద్ధతి ఉంది. 1968 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలోని వ్యక్తి మరో రాష్ట్రంలోని వ్యక్తికి తుపాకీని నేరుగా అమ్మరాదు. ఇంటర్నెట్‌లో కొన్న ఆయుధమైనా కొనుగోలుదారు ప్రాంతంలోని లైసెన్సుడ్ డీలరుకు చేరాలి. ఆయన ఎదుట కొనుగోలుదారు 4473 నంబరు పత్రం పూరించాలి. 1998 నుంచి అమలులో ఉన్న జాతీయ తక్షణ పరిశీలన వ్యవస్థ ద్వారా నేరచరిత్ర లేదని తేలాకే తుపాకీ చేతికి వస్తుంది. డీలర్లు ఈ బదిలీ సేవకు రుసుం తీసుకుంటారు. డీలరు లైసెన్సు ఉన్న కొన్ని గన్ క్లబ్బులు, షూటింగ్ రేంజ్‌లు సైతం ఇటువంటి సేవ అందిస్తాయి. ఒకే రాష్ట్రవాసుల మధ్య ప్రైవేటు అమ్మకాలకు ఫెడరల్ చట్టం ఈ పరిశీలనను విధించకపోయినా, కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలు వాటికీ తప్పనిసరి చేశాయి.

మనవారికి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. విద్యార్థి వీసా, హెచ్1బి వంటి వలసేతర వీసాలపై వెళ్లినవారు తుపాకీ గాని, తూటాలు గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తోంది. ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉండడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. క్లబ్బులో సభ్యత్వం దొరికినంత మాత్రాన ఈ నిషేధం తొలగిపోదు. ఉల్లంఘిస్తే శిక్షతోపాటు వీసాకూ ముప్పే. శాశ్వత నివాస హోదా ఉన్న గ్రీన్‌కార్డుదారులకు ఈ నిషేధం వర్తించదు. పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు తల్లిదండ్రులు ఈ విషయాన్ని ఒకసారి గుర్తుచేయడం మంచిది.

విదేశాల్లో ఉన్న వారసుడు స్వగ్రామంలోని తండ్రి తుపాకీ కోసం వచ్చేదాకా దానిని ఇంట్లో ఉంచడం తగదు. అప్పగింత వెంటనే జరగాలి. ఆయన అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం పంపితే తల్లి గాని, ఇక్కడున్న తోబుట్టువు గాని లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* తుపాకీ సంఖ్య, లైసెన్సు సంఖ్య, గుర్తింపు సంఖ్య, గడువు తేదీలను ఒక కాగితంపై రాసి ఇంట్లో కనీసం ఒకరికి తెలిసేలా ఉంచండి.
* ఆయుధాన్ని, తూటాలను వేర్వేరు చోట్ల తాళం వేసి ఉంచండి. తాళంచెవి పిల్లలకు అందనీయవద్దు.
* తుపాకీ పోయినా, చోరీకి గురైనా వెంటనే సమీప ఠాణాలో ఫిర్యాదు చేసి నకలు తీసుకోండి.
* 70 ఏళ్లు నిండినవారు, 25 సంవత్సరాలుగా ఆయుధం కలిగి ఉన్నవారు వారసుడికి బదిలీ విషయమై ఇప్పుడే ఆలోచించండి.
* లైసెన్సుదారు మరణిస్తే కర్మకాండలు ముగిసేదాకా కూడా ఆగకుండా ఠాణాకు సమాచారం ఇచ్చి ఆయుధాన్ని అప్పగించండి. రసీదు తప్పనిసరిగా తీసుకోండి.
* రూపాయి తీసుకోకపోయినా, సొంత అన్నదమ్ముల మధ్య అయినా నమోదు లేని బదిలీ చట్టవిరుద్ధమే.

కలెక్టరేట్‌లోని ఆయుధ లైసెన్సుల విభాగంలో, కమిషనరేట్ పరిధిలోనైతే కమిషనరు కార్యాలయంలో దరఖాస్తు పత్రాలు, రుసుముల వివరాలు తెలుస్తాయి. మధ్యవర్తులను ఆశ్రయించకుండా నేరుగా వెళ్లి అడగడమే శ్రేయస్కరం. పొలం పట్టా మార్పిడి ఆరు నెలలు ఆలస్యమైతే భూమి ఎక్కడికీ పోదు. తుపాకీ విషయంలో ఆరు నెలల ఆలస్యం ఇంటివారిని న్యాయస్థానం మెట్లెక్కించవచ్చు.